పాల కవరు మూతి

నిన్న సాయంత్రం తార్నాకలో మా అపార్ట్‌మెంట్ గేటు దాటుతుంటే కొత్త ఇన్సులేషన్ టేపు వాసన తగిలింది. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ కలిపి వాచ్‌మన్ మల్లేశ్ కానుగ చెట్టుకు లైట్లు చుడుతున్నాడు. పైన ముసురు. వైర్ల అతుకును ఖాళీ పాల కవరులో పెట్టి, మూతి పైకి పెట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాడు. నాకు విజయ మేడమ్ గుర్తొచ్చారు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో కరెంటు పనులు చూసే ఇంజనీరు ఆవిడ. కాకినాడ మనిషి, నా మొదటి బాస్. పండగలకు చెట్లకు లైట్లు కట్టించడం మా పనుల్లో ఒకటి. షాపులో దొరికిన మాలను దొరికినట్టు చుట్టేస్తే ఆవిడకు నచ్చేది కాదు. "చెట్టుకి జాకెట్టు కుడుతున్నావనుకో అమ్మాయ్. ముందు కొలతలు తియ్యి. బిగించెయ్యకు, దానికీ ఊపిరాడాలి," అని నవ్వేవారు. మేకులు కొట్టనిచ్చేవారు కాదు, నూలు నాడాలతోనే కట్టించేవారు. ప్లగ్గు దగ్గర తీగను కొంచెం కిందికి వేలాడదీసి మళ్ళీ పైకి తిప్పేవారు, తీగ వెంట జారిన చినుకు ఆ వంపు దగ్గరే రాలిపోవాలని. ఇంత చాదస్తమేమిటా అని మొదట్లో విసుక్కునేదాన్ని.

ఒక డిసెంబరులో అమ్మాయిల హాస్టల్ వార్షికోత్సవం వచ్చింది. మేము మరో పనిలో ఉండగా ముందున్న చెట్టుకు మా ఎలక్ట్రీషియన్ యాదగిరి లైట్లు కట్టాడు. సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. అమ్మాయిలు పట్టుచీరల్లో, చెట్టు చుట్టూ ఉన్న తడి ఇనుప కంచెను పట్టుకుని ఎదురుచూస్తున్నారు. స్విచ్ వేయగానే, కరెంటు ఎక్కడైనా లీకైతే సరఫరా ఆపేసే ట్రిప్పర్ పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడిపోయింది. ఏర్పాట్లు చూసే పెద్దాయనకు చిర్రెత్తుకొచ్చింది.

"సార్ ట్రిప్పర్ తీసేసి డైరెక్ట్ ఇయ్యమంటున్నడు మేడం. గెస్టు గేటుకాడికి వచ్చిండట," అన్నాడు యాదగిరి.

మేడమ్ చెట్టు లైట్ల బోర్డు దగ్గరికి వెళ్ళి, మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. "ఇవాళ ఈ చెట్టుకి లైట్లు లేవండీ," అన్నారు.

"ఒక్క చెట్టుకు లైట్లు వెయ్యలేరా? ఇక మీరంతా ఎందుకండీ?" అని ఆయన అందరిముందూ అరిచాడు. ముఖ్య అతిథి ఆ చీకటి చెట్టు పక్కనుంచే గొడుగు కింద నడిచి వెళ్ళాడు. అమ్మాయిల ముఖాలు చిన్నబోయాయి. నాకైతే తల కొట్టేసినట్టయింది.

అందరూ లోపలికి వెళ్ళాక టార్చి వేసి చూశాం. అతుకుకు మూతి పైకి పెట్టి కట్టిన పాల కవరు నిండా నీళ్ళు, అతుకు అందులో మునిగి ఉంది. ఆ నీళ్ళు పొంగి కంచె మీదికి కారుతున్నాయి. యాదగిరి తడినేల మీదే కూలబడ్డాడు. "పిల్లలు గీ కంచె పట్టుకొనే నిలవడ్డరు గద మేడం..."

"నీళ్ళు ఎంత కట్టినా దూరతాయి యాదగిరీ. వచ్చిన నీళ్ళు పోయే దారి ఉంచాలి. అతుకు డబ్బాలో ఉండాలి, ఎత్తున ఉండాలి. దాని మీద కవరేస్తే మూతి కిందికి," అన్నారు మేడమ్.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. "ఈ కవరు తీసుకెళ్ళి ఆయనకు చూపిద్దాం మేడమ్. మీదే రైటని తెలియాలి."

"చూపిస్తే ఎవరు కట్టారని అడుగుతాడు. ఇతని ఉద్యోగం పోద్ది. నన్నయితే నాలుగు రోజులు తిడతాడు. తిట్టనీ," అన్నారావిడ, కవరులో నీళ్ళు పారబోస్తూ.

ఆయన నాలుగు రోజులతో సరిపెట్టలేదు. ఆవిడ రిటైరయ్యేదాకా, ఒక్క చెట్టుకు లైట్లు వెయ్యలేకపోయారని అంటూనే ఉన్నాడు. ఆవిడ ఒక్కసారీ యాదగిరి పేరెత్తలేదు. మేడమ్ పోయి చాలాకాలమైంది. కానీ ఎవరి మీదైనా నోరు పారేసుకోబోయే ముందు నాకు ఆ హ్యాండ్‌బ్యాగు కనిపిస్తుంది.

నిన్న మల్లేశ్ చేత ప్లగ్గు తీయించాను. అతుకును డబ్బాలో పెట్టించి, ఈ చెట్టు చుట్టూ ఉన్న ఇనుప కంచెకు దూరంగా ఎత్తున కట్టించాను. పైన కవరు మూతి కిందికి తిప్పాను. ట్రిప్పర్ మీది టెస్ట్ బటన్ నొక్కి, అది పడుతోందని చూసుకున్నాను. ఇంతలో అసోసియేషన్ సెక్రటరీ బాల్కనీలోంచి కేకేశాడు: "ఇంకా కాలేదా? ఏంది మల్లేశ్, గీ పని గూడ రాదా నీకు?"

మల్లేశ్ నా వైపు చూశాడు.

"నేనే ఆపమన్నానండీ," అన్నాను.

లైట్లు వెలిగాయి. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, తడి కంచెను రెండు చేతులా పట్టుకుని పైకి చూసింది. నేను దాన్ని వెనక్కి పిలవలేదు.