తీసేసిన రెండు పట్టీలు

రెండు ఇనప పట్టీల బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నిజానికి ఒక్కోటి చేత్తో ఎత్తగలిగేదే. కాటాలో వేస్తే బెల్లం దిమ్మంత కూడా తూగదు. అయినా దింపుకోడానికి చోటు దొరకలేదు. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియదు, అందుకే మీ ముందు దింపుతున్నాను. తెలిసినవాళ్ల ముందు దింపే ధైర్యమే ఉంటే ఈ కాగితం ఎందుకు?

పేరు చెప్పను. చోడవరంలో మా నాన్నది కిరాణా కొట్టు. ఇటుపక్క బట్టల కొట్టు మా మేనమామది, అటుపక్క ఇనప సామాన్ల కొట్టు మా పెదనాన్నది. మాటల కంటే ముందు బేరం వచ్చింది నాకు. బస్తా మూతి దగ్గర మంచి బియ్యం ఉంచడం, కొన్నవాడు తానే గెలిచేననుకుని వెళ్లేలా చెయ్యడం, ఇవన్నీ ఏడుపుతోపాటే నేర్చుకున్నాను. కొట్లో కూచునే ఓపిక లేక పాత బళ్ల బేరాల్లోకి దిగేను. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, ఇద్దరికీ నేను వాళ్ల మనిషినే అనిపించేవాణ్ణి. గొప్ప విద్య! అద్దంలో చూసుకుని నాకు నేనే దండం పెట్టుకున్న రోజులవి.

తొంభైల చివర. అప్పటిదాకా జీపుల్లో ఎగిరెగిరి పడ్డ పెద్ద రైతులకి కొత్త మోజు పట్టింది. మూడు వరసల సీట్ల బండి. కారూ కాదు, జీపూ కాదు. ఎత్తు జీపుది, సోకు కారుది. ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, వెనక ఎదురెదురుగా నలుగురు. రెండు ఏసీలు. ఒంటి చేత్తో తిరిగే పవర్ స్టీరింగు. మీట నొక్కితే దిగే అద్దాలు. చెక్కలా కనపడే ప్లాస్టిక్కు, తోలులా కనపడే రెగ్జిను. అసలైనది ఒక్కటీ లేదు, అయినా దాన్ని చూస్తే ఊరంతా నోరెళ్లబెట్టేది. చెరకు మళ్లోంచి బురద కాళ్లతో వచ్చి ఎక్కేవారు, సీటు మాసిపోతుందని కింద తువ్వాలు పరుచుకుని బిగుసుకుని కూచునేవారు. సుఖం కోసం కొని, ఆ సుఖానికి కాపలా కాసేవారు. నేను పక్కన నిలబడి "మీకే నప్పిందండీ" అనేవాణ్ణి. ఎవరు ఎక్కువ వెధవ? నన్నడిగితే, ఇంటికెళ్లి నవ్వుకున్నవాడే.

పరదేశినాయుడు గారికీ ఆ బండే కావాలి. గోవాడ వైపు చెరకు భూములున్న ఆసామి. విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర రెండేళ్లు తిరిగిన బండిని వెతికి పట్టుకొచ్చింది నేనే. ఇంజను బంగారం. లోపం ఒక్కటే. కాంట్రాక్టరు భార్యకి నడుం నొప్పి. ఆవిడకి కుదుపు తగలకూడదని, వెనక చక్రాల మీద బరువు మోసే, ఇనప పట్టీలు పేర్చి కట్టిన కమాను కట్టల్లోంచి అటో పట్టీ, ఇటో పట్టీ తీయించేసేడు ఆయన. ఒక్కో కట్టలో ఆరు ఉండాల్సిన చోట అయిదే ఉన్నాయి. బండిలో తిరిగేది మొగుడూ పెళ్లాం ఇద్దరే గనక అది పరుపు మీద పోయినట్టు పోయేది. వాళ్ల మెకానిక్కు నిజాయితీపరుడు. నన్ను పక్కకి పిలిచి చెప్పేడు. ముగ్గురు నలుగురైతే ఫరవాలేదు, మూడు వరసలూ నిండితే వెనక కుంగిపోద్ది, ముందు తేలిపోద్ది, మలుపులో స్టీరింగు మాట వినదు, పట్టీలు వేయించి అమ్మండి, అని.

వేయించొచ్చు. ఒక పూట పని. ఎందుకు వేయించలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగేనో. బద్ధకమా? కాదు. ఆ మెత్తదనమే నా సరుకు. పట్టీలు వేస్తే అది అందరి బండిలాంటి బండే అయిపోతుంది, నా బేరం అందరి బేరంలాంటి బేరమే అయిపోతుంది. బస్తా మూతి దగ్గర మంచి బియ్యం అన్నమాట.

ట్రయల్ చూపించిన రోజు. నాయుడు గారు ముందు సీట్లో. మధ్యలో ఆయన అక్క రామాయమ్మ గారు, నేను. బండి నడిపింది సన్నిబాబు. నాయుడు గారి జీపు ఇరవయ్యేళ్లుగా నడుపుతున్న డ్రైవరు. కె.కోటపాడు రోడ్డులో గుంతలన్నీ చూపించేను, ఒక్కటీ నడుముకి తెలియలేదు. నాయుడు గారి మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది. తిరిగొచ్చి దిగేం. సన్నిబాబు మాత్రం వెనక్కి వెళ్లి, రెండు చేతులూ ఆనించి బండిని కిందికి నొక్కేడు. అది కుంగింది, లేచింది, మళ్లీ కుంగింది. అతను తల గోక్కున్నాడు.

"బాబూ, ఓపాలి మూడు వరసలూ నింపీసి తిప్పుదుమా?"

"ఎందుకురా?" అన్నారు నాయుడు గారు.

"ఏటీ లేదు బాబూ, వెనక మరీ మెత్తగుంది. సంతలో ఎద్దుని కొన్నా బరువుబండి కట్టి సూస్తాం గదా. ఉత్తినే నడిపిస్తే ఏ ఎద్దయినా బాగానే నడుస్తాది."

నాకు గుండె జారింది. జారినప్పుడే నా నోరు బాగా పనిచేస్తుంది. "ఒరే సన్నిబాబూ, ఇది ఎద్దు కాదురా, బండి! తోక మెలిపెడతావేటి కొంపదీసి?" అన్నాను.

నాయుడు గారు పగలబడి నవ్వేరు. "పళ్లు కూడా లెక్కెట్రా!"

"ఆడికి ఆ జీపు కుదుపు లేకపోతే తిన్నది అరగదురా తమ్ముడూ," అన్నారు రామాయమ్మ గారు.

సన్నిబాబు కూడా నవ్వేడు. నవ్వి, నా వైపు తిరిగేడు. "పోనీ మీరే సెప్పండి బాబూ. వెనక ఏటైనా మార్చేరా?"

"కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది."

"మీరు సెప్పేరంటే సరే," అన్నాడు.

మా నాన్నకి ఒక న్యాయం ఉండేది. అడగనిది చెప్పక్కర్లేదు, అడిగితే మాత్రం అబద్ధం ఆడకూడదు. కొట్టువాడి న్యాయం, చాలా ఇరుకు. అంత ఇరుకు న్యాయంలో కూడా నాకు చోటు లేకుండా చేసుకున్నాను ఆ రోజు. అడిగేడు గదా! మొహం మీదే అడిగేడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. తాతల కాలం నించీ బరువు కట్టి చూడకుండా దూడనైనా కొనని ఇంటివాళ్లు, ఏసీ గాలి మొహానికి కొట్టగానే ఆ తెలివి మొత్తం మర్చిపోయేరు. మర్చిపోనివాడు ఒక్కడే. వాళ్ల జీతగాడు. వాణ్ణి చూసి అందర్నీ నవ్వించింది నేను.

బండి కొన్న నెలన్నర తిరక్కుండా మాడుగుల్లో బంధువుల గృహప్రవేశానికి వెళ్లేరు. తొమ్మండుగురు. మూడు వరసలూ నిండేయి. తిరుగు ప్రయాణంలో వెనక వరసలో రామాయమ్మ గారు, ఒడిలో హల్వా పొట్లాలు. కల్వర్టు దగ్గర మలుపు. మలుపులో చెరకు ట్రాక్టరు ఆగి ఉంది. సన్నిబాబు తిప్పేడు, బండి తిరగలేదు. పక్క పొలంలోకి దిగి ఒరిగిపోయింది. ఎవరి ప్రాణమూ పోలేదు, ఆ మాట పట్టుకునే చాన్నాళ్లు నిద్రపోయేను. రామాయమ్మ గారి తుంటి ఎముక విరిగింది. మరి కర్ర లేకుండా నడవలేదావిడ.

మర్నాడు నాయుడు గారి అరుగు మీద నలుగురు పెద్దలు కూచున్నారు. సన్నిబాబు నుదుటికి కట్టుతో స్తంభం పక్కన నిలబడ్డాడు. "తిప్పేనండి, తేలిపోయింది" అని అదే మాట పదిసార్లు చెప్పేడు. బళ్ల సంగతి తెలిసినవాణ్ణి గదా, నన్ను పిలిపించేరు.

"నువ్వు చెప్పు. తప్పు బండిదా, చేతిదా?"

సన్నిబాబు నా వైపు చూసేడు. వేడుకోలు కాదది. నేను నిజం చెప్తానని నమ్మిన మనిషి చూపు. ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో ఏం తిరిగిందో దాచకుండా రాస్తాను. రామాయమ్మ గారి తుంటి కాదు, అతని ఇరవయ్యేళ్ల పనీ కాదు. బండిది అంటే ఇక ఈ చుట్టుపక్కల నన్ను నమ్మి ఎవడు బండి కొంటాడు? అదీ తిరిగింది.

"చేతిది," అన్నాను.

అక్కడితో ఆగితే మామూలు పిరికివాణ్ణి. నాలాంటివాడు ఏ పనీ సగంలో వదలడు. రిపేరు నేనే చేయిస్తానని బండిని అనకాపల్లి పట్టుకెళ్లి, చడీ చప్పుడూ లేకుండా ఆ రెండు పట్టీలూ వేయించేను. కొత్త డ్రైవరు వచ్చేడు, మూడు వరసలూ నింపుకుని అదే మలుపులో నిక్షేపంగా తిప్పేడు. చూసేరా, బండి బంగారం, చెయ్యే పాడు, అన్నారు జనం. నాయుడు గారికి మాత్రం ఒక లోటు. "మునపటి మెత్తదనం లేదేటయ్యా?" అని అడిగేరు. "ఆ సన్నిబాబు పొలంలో పడేసేడు గదండీ, మరి రాదు," అన్నాను. ఆయన పాపం అవునంటూ తలూపేరు. అదీ నా పనితనం. అతను చెయ్యని తప్పు మీద, లేని ఇంకో తప్పు కూడా పేర్చేను.

ఆ తర్వాత ఎవరూ సన్నిబాబుకి స్టీరింగు ఇవ్వలేదు. బస్టాండు వెనక బోరింగు దగ్గర బళ్లు కడిగేవాడు. నడపనివ్వని బళ్లని బకెట్టు నీళ్లతో కడగడం. ఒకసారి నాయుడు గారి బండినే కడుగుతున్నాడు. నేను అటు వెళ్తూ కనపడ్డాను. వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుని, తడిగుడ్డతో కమాను కట్ట తుడుస్తూ, వేలితో పట్టీలు ఒక్కొక్కటే ముట్టుకున్నాడు. ఆరో దాని దగ్గర వేలు ఆగింది. తలెత్తి నన్ను చూసేడు.

"ఇప్పుడు సరిపోయేయి బాబూ," అన్నాడు.

మళ్లీ బకెట్టులో గుడ్డ ముంచేడు. తిట్టలేదు, నలుగురినీ పిలవలేదు. పిలిస్తే మాత్రం నమ్మేదెవరు, బళ్లు కడిగేవాణ్ణి? ఆ లెక్క అతనికీ తెలుసు, నాకూ తెలుసు. తొందర పనున్నట్టు నడిచి వెళ్లిపోయేను. నాకే పనీ లేదు.

అతను పోయి చాలా ఏళ్లయింది. పోయినవాడి పేరు మాత్రం మా ఊళ్లో ఉండిపోయింది. ఎవడైనా బండి మలుపులో తడబడితే, "ఏటిరా, సన్నిబాబు చెయ్యి పడిందేటి?" అంటారు. మొన్న టీ కొట్టు దగ్గర ఒకడు అన్నాడు. సన్నిబాబు పోయేకే పుట్టి ఉంటాడు వాడు. సన్నిబాబంటే ఒక మనిషని కూడా వాడికి తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేరు. నేనూ నవ్వేను. ఇన్నేళ్ల తర్వాత కూడా నవ్వేను, చూడండి. టీ సగంలో వదిలేసేను. ఇంటికొచ్చి కాగితం తీసేను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సినవాడు లేడు, మీరు ఇచ్చినా చెల్లదు. రామాయమ్మ గారికి చెప్తానా? అంత మంచివాణ్ణి అయిపోలేదింకా. కానీ రాస్తుంటే ఛాతీలో ఎక్కడో బిగుసుకున్నది కాస్త సడలింది, అది మాత్రం నిజం.

ఆ రోజు అరుగు మీద నన్ను అడిగిన దానికి జవాబు ఇప్పుడు చెప్తున్నాను. తప్పు సన్నిబాబు చేతిది కాదండీ. వెనక రెండు పట్టీలు లేవు. నాకు తెలుసు.