దోసిట్లో పోసిన నీళ్లు

“ఆ నీళ్లు తాగి పాపకేమన్నా అయితే?”

మనసులో అనుకున్నాననుకుంది హారిక. కానీ మాట పైకే వచ్చేసింది. మిరప సాళ్లలో వంగి కాయలు కోస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. రెబ్కా చాపిన బాటిల్ చాపినట్టే ఉంది.

సత్తెనపల్లి పక్క కాలనీ నుంచి ఆటోల్లో వచ్చే ఈ కోతల ముఠాకు రెబ్కాయే పెద్ద. ఒకప్పుడు పని కోసం ఆమె తల్లి రైతుల వాకిట్లో నిలబడేది. ఇప్పుడు ఊరి చుట్టూ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, షాపులు లేచి చేలల్లోకి దిగేవాళ్లు తగ్గిపోయారు. రెబ్కా ఫోనెత్తితే చాలని రైతులే ఎదురుచూస్తున్నారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసి దగ్గుతో మంచాన పడ్డ భర్త ఎలీషాను చూసుకుంటూనే, కూతురిని నర్సింగ్ చదివిస్తోంది.

తండ్రి బుల్లయ్యకు మోకాలి ఆపరేషన్ కావడంతో, కోతలు చూసుకోవడానికి హారిక రెండేళ్ల పాపతో హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆకాశం మబ్బు పట్టింది. ఇంకా సగం చేను కోయాలి. ఈ ముఠా వెళ్లిపోతే పండిన కాయ వానపాలే. పాప కోసం కాచి తెచ్చిన నీళ్లు కాస్తా ఒలికిపోయాయి.

“క్యాన్ నీళ్లేనమ్మా. మీ నాన్న తాగేదీ ఇయ్యే,” అంది రెబ్కా.

“అది కాదక్కా, అందరూ నోరు పెట్టి తాగిన బాటిల్ కదా, బ్యాక్టీరియా ఉంటుంది. నేను చదివింది అదే. పైనుంచి పొయ్యండి.” హారిక పాప చేతుల్ని దోసిలి పట్టించింది.

పక్క సాలులోంచి ముసలి రాజ్యం పకపకా నవ్వింది. “చూశావటే రెబ్కా! గ్లాసు ముట్టనియ్యకుండా వీళ్ల నాయనమ్మ మనకి ఇట్టాగే పోసేది. ఇయ్యాల మనం పొయ్యాలంట!”

హారిక చెవులు వేడెక్కాయి. ఎత్తి పట్టుకున్న చెంబు, దాని కింద వంగిన తలలు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని తనూ చూసింది.

రెబ్కా బాటిల్ ఎత్తి నీళ్లు పోసింది. పాప గుటగుటా తాగి, తడిచేతులతో ఆమె చీర పట్టుకుంది. రెబ్కా ఆ వేళ్లను మెల్లగా విడిపించి, “పదండే, పోదాం,” అని కేకేసింది.

హారిక ఆటో దాకా పరిగెత్తింది. వాన గురించి చెప్పబోయి ఆగిపోయింది.

“అక్కా, బ్యాక్టీరియా కాదు. పొద్దున మా కోటిరత్నం అత్తయ్య తన ఎంగిలి చెంచాతోనే పాపకు ఉప్మా పెట్టింది. నేనేమీ అనలేదు.”

తల ఎత్తలేకపోయింది. రెబ్కా మబ్బు వంక చూసింది.

“మాటిచ్చింది మీ నాన్నకి. కోసే పోతాం. నీ మొహం చూసి కాదు.”

వాన పడేలోపు చేను ఖాళీ అయింది. ఆటో ఎక్కుతూ రెబ్కా ఒక మాట చెప్పింది. హైదరాబాద్‌లో పనావిడ పాపను ఎత్తుకోబోయినప్పుడు, పార్కులో ఎవరో బిస్కెట్ ఇవ్వబోయినప్పుడు, హారిక నోరు తెరవబోయి ఇప్పటికీ ఆ మాట దగ్గరే ఆగుతుంది.

“భయమైతే భయమని చెప్పు. అసహ్యమైతే నీలో నువ్వన్నా ఒప్పుకో. చదువు మీదకి మాత్రం నెట్టమాక. పిల్ల వింటంది.”