పొంగని యాసిడ్

ఏడేళ్లుగా ఒక మనిషి దగ్గు నా చెవుల్లో ఉంది. ఆ మనిషి బతికే ఉంది. కోట్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. నేను వికారాబాద్‌లో ఉంటున్నాను. అంత దూరం నుంచి దగ్గెలా వినిపిస్తుందని మీరు అడగొచ్చు. వినిపిస్తుంది. బియ్యం కడుగుతుంటే వినిపిస్తుంది, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వినిపిస్తుంది. దీని సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

మాది తాండూరు. అక్కడ ఏ ఇంట్లో చూసినా నాపరాయి బండలే. కొత్తగా పరిచిన బండల మీద సిమెంటు మరకలుంటాయి. నీళ్లలో యాసిడ్ కలిపి పోసి, చీపురుతో రుద్ది కడగాలి. ఆ పని చాలా ఏళ్లు చేశాను. నాపరాయి మీద యాసిడ్ పడగానే బుసబుసమని నురగ పొంగుతుంది. పొంగుతున్నంతసేపు పని చేస్తున్నట్టు. పొంగు ఆగిందంటే యాసిడ్ చచ్చిపోయినట్టు, ఇక భయం లేదు. మాకెవరూ ఇంతకంటే చెప్పలేదు, మేమూ అడగలేదు.

పెళ్లయ్యాక వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పని దొరికింది. అక్కడ బండలు కాదు, కార్పెట్లు. గుమ్మం నుంచి మండపం దాకా పరిచే ఎర్ర కార్పెట్లు, ప్లాస్టిక్ దారంతో నేసినవి. బగారన్నం నూనె, పసుపు, ఐస్‌క్రీం, బురద చెప్పులు, అన్నీ వాటి మీదే. వాటిని శుభ్రం చేయడంలో సుగుణమ్మక్కను మించినవాళ్లు లేరు. నన్ను ఆమె కింద వేశారు.

అక్క పద్ధతి అక్కది. ముందు పొడి దుమ్మంతా లాగేయాలి, లేకపోతే తడి తగలగానే బురదవుతుంది. ఏ మందైనా ముందు ఒక మూలన తెల్లగుడ్డతో అద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటిందా, ఆ మందు వద్దు. నూనె మరకకు గోరువెచ్చని సబ్బునీళ్లు. తడికి పట్టే ముక్కవాసనకు చివర్లో, బాగా నీళ్లు కలిపిన బ్లీచింగ్. మా కార్పెట్లు దాన్ని తట్టుకుంటాయని ఆమె మూలన అద్ది కనిపెట్టింది. ఒక మందు తర్వాత ఇంకో మందు వాడాలంటే మధ్యలో మంచినీళ్లతో కడిగి తీరాలి. ఆమెకు చదువు రాదు. అందుకని బ్లీచింగ్ డబ్బా మెడకు తెల్లగుడ్డ, యాసిడ్ డబ్బా మెడకు ఎర్రగుడ్డ కట్టుకునేది. యాసిడ్ బాత్రూములకే, కార్పెట్ దగ్గరికి తేవద్దని మొదటిరోజే చెప్పింది. నేను తలూపాను. లోపల నవ్వుకున్నాను. తాండూరు దాన్ని, నాకు యాసిడ్ గురించి చెబుతుందా అని.

ఆ రోజు పొద్దుట్నించీ వాన. ముందురోజు పెళ్లిలో తడిసిన ఇనుప కుర్చీలను కార్పెట్ మీదే వదిలేశారు. కాళ్ల కింద గుండ్రంగా తుప్పు మరకలు. మధ్యాహ్నానికి ఇంకో పెళ్లివాళ్లు దిగుతారు. అక్క ఇంకా రాలేదు. సబ్బుతో రుద్దితే మరక కదల్లేదు. ఆగడం నా ఒంట్లో లేదు. ఎర్రగుడ్డ డబ్బా తెచ్చి పోశాను.

పొంగలేదు. ప్లాస్టిక్ మీద ఎందుకు పొంగుతుంది? ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పాత సరుకు, దమ్ము లేదనుకుని ఇంకొంచెం పోశాను. తుప్పు పోయింది. పైపైన గుడ్డతో తుడిచి, డబ్బా తీసుకెళ్లి దాని చోట పెట్టేశాను. కడగలేదు. పొంగే లేనప్పుడు కడగడానికి ఏముందనుకున్నాను. అదంతా కార్పెట్ అడుగున, దారాల మధ్య అలాగే ఉంది.

అక్క వచ్చి, తుప్పు ఎలా పోయిందని అడిగింది. సబ్బుతోనే అన్నాను. గట్టిగా రుద్దానని గొప్ప కూడా చెప్పుకున్నాను. అక్కడే ఆగిపోయి నిజం చెప్పి ఉంటే ఆమె నన్ను నాలుగు తిట్టి, నాలుగు బకెట్ల నీళ్లు పోసి కడిగేది. అంతే కదా? నాలుగు తిట్లకు భయపడ్డానా, లేక తాండూరు దాన్నన్న పొగరా? రెండూ అయ్యుంటాయి.

జల్లు కొడుతోందని తలుపులన్నీ మూసి ఉన్నాయి. హాలంతా ఫినాయిల్ వాసన, యాసిడ్ వాసన అందులో కలిసిపోయింది. అక్క మోకాళ్ల మీద కూర్చుని, బ్లీచింగ్ నీళ్లు మగ్గుతో పోసి రుద్దడం మొదలుపెట్టింది. నేను నీళ్లకని బయటికి వెళ్లాను. బకెట్ నిండకముందే దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు. లోపలికి పరుగెత్తితే కళ్లు భగ్గుమన్నాయి, గొంతులో కారం పోసినట్టయింది. అక్కను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాను. మేనేజరు వచ్చి, ఏం కలిపిందని అరిచాడు. కార్పెట్ అడుగున మిగిలిన నా యాసిడ్‌కు బ్లీచింగ్ తగిలి విషపు గాలి లేచిందని నాకు అర్థమైపోయింది. నోరు తెరవలేదు.

మూడోరోజు ఆసుపత్రిలో ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"చెల్లే, నేను తెల్లగుడ్డ డబ్బనే తీసిన గద? నాకు గట్లనే యాదికున్నది."

ఇదిగో, ఇదే నేను మోస్తున్నది. యాసిడ్ పోయడం తెలియనితనం అనుకుందాం. ఇది కాదు.

"లేదక్కా," అన్నాను. "ఎర్రగుడ్డ డబ్బ నీ బకెట్ పక్కపొంటి ఉండె. నువ్వు వానకు పరేషాన్‌ల ఉంటివి. మారినట్టున్నయి."

"నిజంగనా?"

"నేను చూసిన గదక్కా."

ఆమె తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "ఇన్నేండ్లల్ల ఎన్నడు మర్వలే. గిట్లెట్ల చేసిన నేను?" అంది. దగ్గి, ఆయాసం తగ్గాక నా చెయ్యి పట్టుకుంది. "నయం, నువ్వు లోపట లేవు. నీకేమన్న అయితే నేనేం జెయ్యాలె చెల్లే?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా. ఛీ, ఏం మనిషిని నేను! పని పోతుందని భయం, పోలీసులంటారేమోనని భయం, నిజమే. కానీ భయం ఒక నెల ఉంటుంది, రెండు నెలలుంటుంది. ఏడేళ్లు ఉంటుందా? తర్వాత్తర్వాత నన్ను ఆపింది భయం కాదు. ఆమె నన్ను ప్రేమగా చూస్తోంది. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

అక్క మళ్లీ పనికి రాలేదు. మెట్లెక్కితే ఆయాసం, తాలింపు పొగకే ఊపిరాడదు. ఆమె చోటు నాకిచ్చారు. కొత్తగా చేరే ఆడవాళ్లకు మేనేజరు అక్క కథే చెబుతాడు, చూసుకోకుండా డబ్బాలు మార్చి ప్రాణం మీదికి తెచ్చుకుందని. నేను పక్కనే నిలబడి ఉంటాను.

పోయిన నెల చెప్పేద్దామని కోట్‌పల్లి వెళ్లాను. నాకోసం కూర వండుతూ, కూతుర్ని కేకేసింది. "ఉప్పు నువ్వెయ్ బిడ్డా, నా చెయ్యి నమ్మేతందుకు లేదు." కూతురు నవ్వి, అమ్మ ఏడేళ్లుగా ఇంతేనంది. ఒకప్పుడు ఏ మందు ఎంత కలపాలో ఆమె చెయ్యే చెప్పేది. కూరలో చిటికెడు ఉప్పుకు కూడా ఇప్పుడు ఆ చేతిని నమ్మదు. ఊపిరి నేను తెలియక తీసుకున్నాను. ఆ నమ్మకాన్ని తెలిసే తీసుకున్నాను. ఆ కూర తిని, బాగుందని చెప్పి, మాట గొంతులోనే పెట్టుకుని బస్సెక్కాను.

మళ్లీ వెళ్తానా? వెళ్లినా చెబుతానా? మీకు మాటివ్వలేను, నా మాట విలువెంతో మీకిప్పుడు తెలుసు. క్షమించమనీ అడగను. అది మీరిచ్చేది కాదు. సుగుణమ్మక్క డబ్బాలు మార్చలేదు. ఆమెకు యాదికున్నదే నిజం. ఇది రాశాక, ఇంట్లో ఎవరూ లేరు కదా అని ఆ రెండు మాటలూ పైకి చదివాను. చదివాక ఊపిరి కడుపుదాకా వెళ్లింది. అక్కకు ఇప్పటికీ అలా వెళ్లదు.