అవ్వ వంతు సగం భక్షం

మా ఎదురింటి అవ్వ పోయిందని అపార్ట్‌మెంట్ గ్రూపులో చదివాను. నీళ్ల ట్యాంకు కడుగుతారన్న నోటీసుకీ, ఎవరో కారు అడ్డంగా పెట్టారన్న ఫిర్యాదుకీ మధ్య ఒక్క వాక్యం. కోకాపేటలో ఆఫీసు బల్ల ముందు కూర్చుని దాన్ని మూడుసార్లు చదివి, అమ్మకి ఫోన్ చేశాను. కిడ్నీలు పాడై రెండేళ్లుగా డయాలసిస్ చేయించుకుంటోందని తెలుసు. "అంతా షుగర్ వల్లేనన్నారట" అంది అమ్మ. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇంకా అక్కడే ఉన్నాను.

అవ్వ సొంత ఊరు నల్లగండ్ల. మా అపార్ట్‌మెంట్ ఉన్న చోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేను ఉండేది. బిల్డర్ ఇచ్చిన ఫ్లాటులో కొడుకు, కోడలితో ఉండేది. మేం కాకినాడ నుంచి వచ్చి ఎదుటి ఫ్లాటులో దిగాం. నేను మొదటిసారి "ఆంటీగారూ" అన్నప్పుడు పెద్దగా నవ్వింది. "గారు గీరు ఏంది బిడ్డ? అవ్వా అను."

నాకు ఏడో ఏట టైప్ వన్ డయాబెటిస్ వచ్చింది. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. అమ్మ ఇంట్లో తీపి అన్నది లేకుండా చేసింది. కాన్వెంటు స్కూల్లో ఎవరిదైనా పుట్టినరోజైతే సిస్టర్ నా చాక్లెట్ తీసుకుని, బదులుగా పెన్సిల్ ఇచ్చేది. నా దగ్గర చాలా పెన్సిళ్లుండేవి.

అవ్వకీ షుగరే. మాదొకటే జబ్బని ఆమె గట్టిగా నమ్మింది. "నాకు గోలీలు, నీకు సూదులు. గంతే ఫరక్" అనేది. పది రోజులు పొద్దున్నే నాకు కాకరకాయ రసం తాగించింది. తనూ నా పక్కనే కూర్చుని తాగేది. ఇద్దరం ఒకేసారి మొహం చిట్లించేవాళ్లం. అమ్మకి తెలిసి వివరించబోయింది: నాది వేరు, ఆమెది వేరు, నాకు రసాలు పనిచేయవని. అవ్వ అంతా విని, "రెండు తీర్ల షుగర్ ఎట్లుంటదమ్మా? చక్కెర ఒక్కటే గద" అంది. నాకూ అదే అనుమానం. అడగలేదు.

అంతకంటే అర్థంకానిది ఇంకొకటుంది. ఒక్కోసారి షుగర్ పడిపోయేది. చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. అప్పుడు మాత్రం వెంటనే తీపి పెట్టాలి. నాలుగింటికి విషమైనది ఐదింటికి మందు ఎలా అవుతుందో నాకు తెలిసేది కాదు. ఒక్కటి మాత్రం తెలిసింది: వణికితే పటికబెల్లం దొరుకుతుంది.

అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను అవ్వ ఇంట్లోనే ఉండేదాన్ని. అబద్ధం పాపమని రోజూ స్కూలు ప్రార్థనలో చెప్పుకుని వచ్చి, ఆమె ముందు చేతులు వణికించేదాన్ని. రెండుసార్లు ముక్క పెట్టింది. మూడోసారి నా మొహం చూసి, మీటర్ తెచ్చి వేలు పొడిచింది. షుగర్ పడిపోలేదు, రెండు వందలు దాటి ఉంది.

అవ్వ తిట్టలేదు. "తీపి గావాలంటే తీపి గావాలె అని అడుగు బిడ్డ. రోగం పేరు జెప్పకు" అంది.

ఆ ఆదివారం మా ఇంటికొచ్చి అమ్మ ముందు కూర్చుంది.

"పోరి ముక్క బెల్లానికి వణుకు నటిస్తుంది. డాక్టర్‌ను జర అడుగు, ఎప్పుడన్నొకసారి పెట్టొచ్చేమో."

"మీకు తెలీదండీ. ఇది ప్రాణాల మీది సంగతి."

"నాకు తెల్వదా? రేపు నిజంగనే వణికింది అనుకో. మళ్ల నటిస్తుంది లే అని నేను ఊకుంటే? అప్పుడేంది సంగతి?"

తర్వాతి వారం ముగ్గురం దవాఖానకు వెళ్లాం. తినబోయేదాన్ని తూచి, లెక్కగట్టి, దానికి సరిపడా ఇన్సులిన్ వేస్తే పండగ తీపి తినొచ్చని డాక్టర్ అన్నారు. "ఇది ముందే చెప్పొద్దా సారు? పిల్ల దొంగయిపోయింది" అంది అవ్వ. నేను కుర్చీ వెనక్కి జరిగాను.

అలా ఆదివారాలు వచ్చాయి. అవ్వ పెనం మీద భక్షం కాల్చేది. మేం దాన్ని బొబ్బట్టు అంటాం. అమ్మ వచ్చి, వంటింటి తూకంలో పెట్టి, కాగితం మీద లెక్కవేసి, మధ్యాహ్నం ఇంజెక్షన్‌లో కలిపేది. మొత్తం భక్షం నా వయసుకి ఎక్కువ. సగం నాకు. నేను నెయ్యి పట్టిన అంచు నుంచి మొదలుపెట్టి, పూర్ణం ఎక్కువున్న చోటు చివరికి మిగుల్చుకునేదాన్ని. భయం లేకుండా తీపి తినడమంటే ఏమిటో అక్కడ తెలిసింది. నాలుక మీద యాలకుల వాసన ఉండగానే బయటికెళ్లి ఆడుకోవడం.

మిగతా సగం అవ్వ తీసుకునేది.

"మీకూ షుగరే కదండీ" అని అమ్మ ఒకసారి అంది.

"ఒక్కతే తింటే మందు తిన్నట్టుంటది పిల్లకు. ఇద్దరం తింటే తీపి" అంది అవ్వ.

పదిహేనేళ్లప్పుడు లైబ్రరీలో చదివాను, అవ్వ రకం షుగర్ లోపల నెమ్మదిగా ఏమేం చేస్తుందో. ఆ ఆదివారం, "నువ్వు తినకు అవ్వా" అన్నాను.

"నీ సూది నీ పని, నా గోలీ నా పని. సల్లారిపోతది, తిను."

తిన్నాను. మళ్లీ చెప్పలేదు. కాలేజీకి వెళ్లేదాకా ఆదివారాలు ఆగలేదు.

అవ్వ పోయిన మూడో రోజున పిట్టకు, అంటే కాకికి, పెట్టే తంతు మా అపార్ట్‌మెంట్ మేడ మీద చేశారు. నేనూ వెళ్లాను. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతారు. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అనుకుంటారు. అన్నం, మటన్ కూర, పచ్చిపులుసు, మక్క గారెలు, చిన్న సీసాలో కల్లు పెట్టారు. ట్యాంకు పైపు మీద ఒక కాకి వాలి ఉంది. అరగంటైనా దిగలేదు.

"ఏం మర్సిపోయినం? పిట్ట ముడ్తలేదు" అన్నాడు కొడుకు.

"అన్ని పెట్టిన. ఇంకేమిష్టముండె అత్తమ్మకు?" అంది కోడలు.

పదిమంది ముందు మాట్లాడటం నాకు రాదు. అయినా, "భక్షాలు" అన్నాను.

కోడలు నావైపు తిరిగింది. "తీపా? పదిహేనేండ్లాయె అత్తమ్మ తీపి ముట్టక. చాయ్ గూడ సప్పగనే తాగేది."

"ఆదివారాలు నాతో తినేది అక్కా. సగం."

"నీకు భక్షం చేస్తదని ఎర్కనే. తను తిన్నదా? నువ్వు సూసినవా?"

చూశాననే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆమె సగం అందుకోవడం గుర్తుంది. "జర నీళ్లు తెస్త" అంటూ వంటింట్లోకి వెళ్లడం గుర్తుంది. వట్టి చేతులతో తిరిగి రావడం గుర్తుంది. నమలడం గుర్తొస్తోందా, నేనిప్పుడు కల్పించుకుంటున్నానా? తినలేదంటే నా వల్ల ఆమెకి ఏమీ కాలేదు. కానీ అన్ని ఆదివారాలూ నేను ఒక్కదాన్నే తిన్నట్టు. తిన్నదంటే నాకు తోడుంది. అప్పుడు ఆ డయాలసిస్‌లో నా వంతు ఎంత? ఏది నిజం కావాలని కోరుకోవాలో తెలియక నిలబడ్డాను.

"తెల్వదు అక్కా" అన్నాను. నా నోట ఆమె యాసే వచ్చింది.

కోడలికి కోపం వస్తుందనుకున్నాను. ఆమె భర్తను కింది మిఠాయి దుకాణానికి పంపింది. వచ్చిన పొట్లం విప్పి, ఒక భక్షం చేతిలోకి తీసుకుని నన్నే అడిగింది.

"సగం పెట్టాల్నా, మొత్తమా?"

"మొత్తం" అన్నాను.

విస్తరి అంచున పెట్టింది. "మనుషులుంటే దిగది, పక్కకు జరుగుండ్రి" అన్నారెవరో. అందరం మెట్ల తలుపు వెనక్కి వెళ్లాం. చీకటిగా, ఇరుకుగా ఉంది. కోడలు నా భుజం పట్టుకుంది. బయట రెక్కల చప్పుడైంది. ఆ తలుపు సందులోంచి నాకు సిమెంటు నేల మీద ఎండ కనిపించింది, ఆ ఎండలో ఒక నీడ వంగి లేవడం కనిపించింది. కాకి ముక్కున ఏముందో కనిపించలేదు.