తూకం కోసం నీళ్ళు మానేసిన ఈశ్వరి

మా తమ్ముడి కూతురు ఈశ్వరి గెలిచిన మొదటి పతకం రాష్ట్ర వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో కంచుది. రెండుసార్లు బరువు జారిపోయింది. మూడోసారి తలపైకెత్తి నిలబెట్టింది.

రామతీర్థం దగ్గర మా ఊళ్ళో రేకుల షెడ్డు వేసి తాలింఖానా పెట్టినవాణ్ణి నేనే. నేను చదివింది ఏడో తరగతి. నా దగ్గర బరువులెత్తడం నేర్చినవాళ్ళు పోలీసుల్లో ఉన్నారు, రైల్వేలో ఉన్నారు. అందరిలోకీ మొండిది ఈశ్వరి. పోటీకి ముందు శరీరం తూకం వేస్తారు, కాస్త ఎక్కువైనా ఆడనివ్వరు. ముందురోజు నీళ్ళు మానేసి, దుప్పటి కప్పుకుని ఎండలో పరిగెత్తి, ఎప్పుడూ సరిగ్గా తూగేది.

పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగలేదు. భర్త చినబాబుతో టెస్ట్‌ట్యూబ్ బేబీ వైద్యానికి విశాఖలో ఆస్పత్రికి వెళ్ళింది. మొదటిసారి పిండం నిలవలేదు. రెండోసారి ఇంజెక్షన్లిచ్చి అండాలు తీశాక డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "పొట్ట ఉబ్బినా, బరువు పెరిగినా ఫోన్ చెయ్యండి. అది ప్రమాదం. అప్పుడు ఈ నెల పిండం పెట్టం, ఆపేస్తాం."

ఆపేస్తామన్న మాటొక్కటే ఈశ్వరికి మిగిలింది. పొట్ట ఉబ్బింది. నీళ్ళు మానేసింది.

"ఏటే, నాలిక పిడసకట్టీసింది. గుక్కెడు తాగు," అన్నాడు చినబాబు.

"తూకం అయిపోనీ బావ. ఆ తరవాత బిందెడు తాగుతాను."

"ఇదేటి, పోటీయా?"

"కాదేటి?"

కాటా మీద అంకె పెరగలేదు. డాక్టరమ్మకి ఫోన్లో అదొక్కటే చెప్పింది. పిండం పెట్టే రోజు ఆటోలో వెళ్తుండగా ఊపిరాడలేదు. పొట్ట నిండా నీరు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ. నీళ్ళు మానడంతో రక్తం ఇంకా చిక్కబడిందన్నారు. చావు తప్పి బయటపడింది. పిండాలు మాత్రం ఆస్పత్రిలో మంచులా గడ్డకట్టించి దాచారు.

ఇంక ఆ ఇంజెక్షన్లు వద్దే వద్దంది డాక్టరమ్మ. దాచిన పిండం పెట్టవచ్చట. కాని గర్భం నిలిస్తే మళ్ళీ రక్తం గడ్డ కట్టవచ్చు, మందులు వాడినా ప్రాణానికి పూచీ లేదట. ఆలోచించుకోమంది.

"ఓలె గుంటా, సాలింక. నువ్వుంటే సాలు మాకు," అన్నాను.

"మూడో ఎత్తు వదిలీసి దిగిపోయినోలు మన తాలింఖానాలో ఎవులున్నారు, సెప్పు పెదనాన."

నా శిష్యుల పేర్లన్నీ తలచుకున్నాను. ఒక్కటీ దొరకలేదు.

సోమవారం విశాఖకి బయల్దేరింది. చినబాబు రెండు పెద్ద సీసాల నిండా నీళ్ళు పట్టి సంచిలో పెట్టాడు. గుమ్మం దాటకుండానే ఒకటి మూతతీసి, నా కళ్ళలోకి చూస్తూ గటగటా తాగింది. నా భయం తీర్చడానికే తాగిందని తెలుసు. తీరలేదు. ఆ రోజు నుంచి షెడ్డు తాళం తియ్యలేదు. బరువు కింద పడిన చప్పుడు వినలేను.

పిండం పెట్టి, గర్భం నిలిచిందో లేదో రెండు వారాలకి రక్తపరీక్షలో చూసి పంపుతామన్నారు. ఫిబ్రవరి పన్నెండు, గురువారం ఈశ్వరి ఇంటికి వస్తుంది.