మా తోటికోడలు ఆగిపోయిన వాక్యం

నిన్న సాయంత్రం మా మనమరాలు ఉయ్యాలబల్ల మీద కూర్చుని, కాలితో నేలను తన్నుకుంటూ, గో, వెంట్, గాన్, సీ, సా, సీన్ అంటూ ఎక్కాల మాదిరిగా వల్లె వేస్తుంటే, వంటింట్లో చింతపండు పిక్కలు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. పిల్ల ఒకచోట తప్పు చదివింది, నేను లోపలి నుంచే దిద్దాను. అది బల్ల దిగి వచ్చి, మామ్మకు ఇంగ్లీషు ఎలా వచ్చునా అని నోరు తెరుచుకుని నిలబడింది. దానికేమీ చెప్పలేదు గాని, మన ఈడువారి దగ్గర దాపరికమెందుకు, నాకు ఇంగ్లీషు వచ్చింది అసూయ వల్ల.

నేను రామచంద్రపురం నుంచి రాజమహేంద్రవరానికి కాపురానికి వచ్చేనాటికి మా మామగారికి పెద్దబజారులో బట్టలకొట్టు ఉండేది. మావారు తండ్రితోపాటు పొద్దున్నే కొట్టుకు వెళ్ళి దీపాలు పెట్టాక వచ్చేవారు. మా మరిదిని మాత్రం, ఇంట్లో ఒక్కడికైనా దొరల మాట రావాలని, ఇంగ్లీషు చదువులో పెట్టారు. అతని పేరు రామం. అతని పెళ్ళాం ధవళేశ్వరం పిల్ల, నాకంటే చిన్నది, నా వెనకాల వచ్చింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మ అంటూండేది. ఆ పిల్ల గడపలో అడుగు పెట్టిన నెలలోనే నాకా సామెత కంఠతా వచ్చేసింది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆడవాళ్ళ చదువు గురించి అరుగుల మీద పెద్ద పెద్ద వాదాలు జరుగుతూండేవి, తిట్టేవాళ్ళు తిడుతుండగానే చదివించేవాళ్ళు చదివిస్తుండేవారు. మా మరిదికి ఆ గాలి సోకింది. ఇంటింటికీ వచ్చి ఆడవాళ్ళకు కుట్టుపనీ చదువూ చెప్పే ఒక దొరసానిని బతిమాలి, తన భార్యకు ఇంగ్లీషు చెప్పమని మా ఇంటికి రప్పించాడు. ఆవిడ లక్ష్మివారం నాడు ఒంటెద్దు బండిలో వచ్చి సావిట్లో కుర్చీ మీద కూర్చునేది, మా తోటికోడలు ఎదురుగా చాప మీద కూర్చునేది, ఆవిడ బండి ఎక్కీ ఎక్కగానే మా అత్తగారు సావిడంతా పసుపునీళ్ళతో కడిగించేవారు. కడిగేదాన్ని నేను. పెద్దకోడలిని నేనుండగా చాప ఆ పిల్లకూ చీపురు నాకూ అయ్యేసరికి ఒళ్ళు మండిపోయేది.

దానికి తోడు ఆ మహాతల్లి పాఠాన్ని సావిట్లో వదిలేసి వచ్చేదా అంటే, అదీ లేదు. పెరట్లో ఇద్దరం ఒకే రోట్లో పసుపుకొమ్ములు దంచుతుంటే, రోకటిపోటుకొక మాట చొప్పున కమ్, కేమ్, కమ్ అని గొణుక్కునేది. తన రోకలి లేచినప్పుడు నాది పడాలి, నాది లేచినప్పుడు తనది పడాలి, లేకపోతే రెండూ ఢీకొంటాయి. అందుచేత ఆమె నోటి వంక చూడకుండా నాకు గత్యంతరం లేదు. అలా ఆ క్రియలన్నీ, నిన్నటికొక రూపం, నేటికొక రూపం, జరిగిపోయినదానికొక రూపం, చేతుల్లోంచి నా తలకెక్కాయి. రాత్రి కళ్ళు మూసుకున్నా రోకళ్ళు ఇంగ్లీషులోనే దంచేవి.

చివరకు ఒకనాడు ఉండబట్టలేక, నేనూ చదువుకుంటానని అత్తగారితో అనేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇద్దరూ చాపెక్కితే పొయ్యి దగ్గర నేను కూర్చోనా ఏంటి? వచ్చే లక్ష్మివారం ఆవిడగారే మిమ్మల్నిద్దర్నీ అడుగుతారు. ఎవరు బాగా చెప్తే వాళ్ళు చదువు, రెండోవాళ్ళు వంట. అంతే!" అని తీర్పు చెప్పేశారు. ఆ చాప కోసం నేను ఎంత తపించానో చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. ఇరుగుపొరుగు నగలకు కూడా నేనంత ఏడవలేదు.

ఆ లక్ష్మివారం పక్కింటి ఆడవాళ్ళు కూడా చూడవచ్చారు. దొరసాని ముందు విడివిడిగా క్రియలు అడిగింది. ఇద్దరం చెప్పాము గాని, ఉన్నమాట చెప్పుకోవాలి, మా తోటికోడలు చెప్పినంత చక్కగా నేను చెప్పలేకపోయాను. ఆమె నాలుక మీద ఆ మాటలు మల్లెమొగ్గల్లా విచ్చుకునేవి. చాప నాకిక దక్కదనుకున్నాను. అంతలో దొరసాని మద్రాసు నుంచి అప్పుడే తెప్పించిన కొత్త వాచకం తీసి, అందులో రాముడు రోజూ బడికి వెళ్ళును అన్న ఇంగ్లీషు వాక్యం చూపించి, దాన్ని నిన్నటి సంగతిగా మార్చి చెప్పమంది.

మా తోటికోడలు నోరు తెరిచింది, మూసింది. మొహం కందిపోయింది. వాక్యం మొదటి మాటే మొగుడి పేరాయెను! భజనలో సైతం అందరూ రామా అంటుంటే తాను సీతాపతీ అని సరిపెట్టుకునే మనిషి, ఇంతమందిలో ఎలా పలుకుతుంది? అక్కడున్న ఆడవాళ్ళందరికీ క్షణంలో అర్థమైంది, ముసిముసి నవ్వులు మొదలయ్యాయి, దొరసానికి మాత్రం అర్థం కాలేదు. పాపం, రాదనుకుని నా వైపు తిరిగింది. మరిదిని పేరు పెట్టి పిలిచే వదినగారిని, నాకేం అడ్డు? రామా వెంట్ టు స్కూల్ అని గంట కొట్టినట్టు చెప్పాను. "మీరు మిక్కిలి బాగుగా చెప్పితిరి," అని దొరసాని నా చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది.

నేను గెలిచాను. గెలిచి చూస్తే, మా అత్తగారు ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, "నా తల్లే, చదువు పోతేనేం, నోరు జారలేదు!" అని మెటికలు విరుస్తున్నారు. సాయంత్రం మరిది వచ్చి సంగతి విని, స్తంభం పట్టుకుని నవ్వి, ఆ నవ్వుతోనే కలం తెచ్చుకుని వసారాలో కూర్చుని, తన దగ్గరున్న అలాంటి వాచకంలోనే రాముడు ఉన్నచోటల్లా కొట్టేసి కృష్ణుడు అని రాశాడు. పేజీ వెంట పేజీ. ఆమె పక్కన దీపం పట్టుకుని నిలబడింది. ఆ మర్నాటి నుంచి ఆమెకు అతనే గురువు.

మావారు కొట్టు కట్టేసి వచ్చాక, దొరసాని నన్నే ఏరుకుందండీ అని చెప్పాను. "అలాగా, మంచిదే. కాస్త మజ్జిగ పొయ్యి," అన్నారు. చెడ్డవారు కాదు. ఆకలి మీదున్నారు.

దొరసాని మరో ఊరు వెళ్ళిపోయేదాకా ఆ చాప నాదే అయింది. క్రియలన్నీ తప్పులేకుండా నేర్చుకున్నాను. ఇప్పుడు కాలం మారింది; మా కోడళ్ళు పాలవాడితో కూడా మొగుడి పేరు పెట్టే మాట్లాడతారు, కార్డుల మీద రాస్తారు, ఎవరి మొహమూ కందదు, అందులో తప్పూ లేదు. మావారు పోయాక ఆయన పేరు పలకవద్దనేవారూ లేరు, పలకమనేవారూ లేరు. అయినా మా తోటికోడలి మీద నా ఏడుపు మాత్రం ఈ ముసలితనంలోనూ తీరలేదు. ఆమెకొచ్చిన ఇంగ్లీషు నాకూ వచ్చింది. కాని నేను ఆగిపోయే వాక్యం నాకెవరూ ఇవ్వలేదు, నాకోసం ఎవరూ కలం పట్టుకుని ఒక్క పేరూ కొట్టెయ్యలేదు.