మోచేతి మీట

కుట్టుమిషన్లు బాగుచేసే ఆమెను దర్జీల వీధిలో అందరూ మిషనక్క అనేవారు. నలభై ఏళ్లు చొక్కాలు కుట్టిన అత్తగారు మోకాళ్లు మొరాయించి, మిషను తొక్కలేక చేతులు ముడుచుకు కూర్చునేసరికి మిషనక్క ప్రాణం ఉసూరుమంది. మిషనుకు చిన్న మోటారు బిగించి, మోచేత్తో నొక్కితే తిరిగేలా ఒక మీట అమర్చింది. అత్తగారు వారం రోజులు తిట్టింది, కోడలు వారం రోజులు మార్చింది. ఎనిమిదో నాడు కాలరు తిన్నగా పడింది.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. "అక్కా, దీనికి కంపెనీ పెట్టాలి! ఈ సందులో ఉంటే నూతిలో కప్పలమే. మహానగరానికి పద!"

నగరంలో నలభై కొత్త కంపెనీలు కూర్చునే అద్దాల హాల్లో ఆమెకూ ఒక బల్ల దొరికింది. వచ్చినవాళ్లంతా "అద్భుతం" అన్నారు గానీ, ఒక్కరూ సూదిలో దారం ఎక్కించిన పాపాన పోలేదు. మూడు నెలల్లో మీటకు మూడు రంగులు మారాయి. మందపాటి గుడ్డ పెడితే మిషను ఉలిక్కిపడే జబ్బు మాత్రం అలాగే ఉంది.

"మీరు తిట్టకపోతే నాకు బుర్ర పనిచెయ్యట్లేదు అత్తయ్యా," అంది ఫోన్లో.

"అంత భాగ్యానికి బెంగెందుకే, వస్తున్నా!"

మర్నాడే ప్యాంట్ల మూటతో దిగి, అత్తగారు హాలు నడిమధ్య కుట్టడం మొదలెట్టింది. "ఇదేం మీటే! తోక తొక్కిన పిల్లిలా దూకుతోంది!"

జనం మూగారు. పక్కబల్ల దగ్గర చక్రాల కుర్చీలకు మోటార్లు చేసే పెద్దాయన నవ్వాపుకుని, "మా కుర్చీలూ మొదట్లో ఇలాగే దూకేవమ్మా. మీట కింద మెత్తని స్ప్రింగు పెట్టండి, మోటారు మెల్లగా అందుకుంటుంది," అన్నాడు. సాయంత్రానికి నాలుగు ప్యాంట్లు నున్నగా కుట్టుపడ్డాయి. తిట్టడానికేమీ మిగలక అత్తగారు కాస్త చిన్నబుచ్చుకుంది.

"చూశావా, ఇక్కడికి రాకపోతే ఆయన దొరికేవాడా?" అన్నాడు తమ్ముడు.

"దొరికేవాడు కాదు," ఒప్పుకుంది మిషనక్క. "కానీ మూడు నెలలు పక్కనే ఉన్నాడు కదరా! అత్తయ్య వచ్చాకే గదా దొరికాడు."

నెలాఖరుకు బల్ల ఖాళీ చేసి, సొంత వీధిలోనే పాత గోదాము తీసుకుంది. ఇప్పుడక్కడ ఆరుగురు ఆడవాళ్లు మీటలు బిగిస్తున్నారు. నెలకోసారి మాత్రం మిషనక్క నగరానికెళ్లి, ఆ హాల్లో రోజంతా కబుర్లాడి వస్తుంది.

మొన్న, తొక్కలేక మిషను మానేసిన పొరుగూరి దర్జీ ఒకాయన, ఆరేళ్ల తర్వాత ఈ మీటతో తన చేత్తో కుట్టుకున్న చొక్కా తొడుక్కుని గోదాముకొచ్చాడు. చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అయినా వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పెళ్లికొడుకులా నడిచాడు.